నీళ్ళలో ఉన్నది ఏ అమీబా?

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్నారు పెద్దలు. నీరు పల్లానికి పారడం అందరమూ చూస్తున్నదే. ఆ నీటిలో ఏముందన్న నిజాన్ని మాత్రం చాలాకాలం దేవుడికే వదిలేశాం. తేటగా ఉంటే మంచినీళ్ళు, వాసన కొడితే చెడ్డనీళ్ళు. మా పల్లెల్లో ఇంతే పరీక్ష! మైక్రోస్కోపు వచ్చాక ఇంకొంచెం లోతుకు చూడగలిగాం. కాని మైక్రోస్కోపు కూడా తేల్చలేని తగువు ఒకటుంది. ఒకే రూపంలో ఉన్న రెండు ప్రాణుల్లో రోగం తెచ్చేది ఏది, ఊరకే ఉండేది ఏది? ఈ తగువు తీర్చేది జన్యుపరీక్ష.

ఇది నాకు పుస్తకాల్లో పుట్టిన సందేహం కాదు. మా తమ్ముడికి జిగట విరేచనాలు పట్టుకుంటే టౌనుకు తీసుకుపోయాం. ల్యాబు కాగితం మీద "ఎంటమీబా హిస్టోలిటికా సిస్టులు ఉన్నవి" అని రాసిచ్చారు. మాత్రలు వాడాం, తగ్గింది. నాలుగు నెలలకు మళ్ళీ అదే కాగితం, అవే మాత్రలు. మూడోసారీ అంతే. "ఏంరా, ఈ పురుగు మన ఇల్లు వదలదా? సైన్సు చదువుతున్నావు గదా, చెప్పు" అన్నాడు నాన్న.

చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. 1875లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో లోష్ అనే వైద్యుడు, విరేచనాలతో బాధపడుతున్న రోగి మలంలో ఈ అమీబాను చూసి వర్ణించాడు. ఆ రోగి ఒక పేదరైతు. 1903లో జర్మన్ శాస్త్రజ్ఞుడు షౌడిన్ దానికి "హిస్టోలిటికా" అని పేరు పెట్టాడు. కణజాలాన్ని కరిగించేది అని అర్థం. పేగు గోడను తొలిచి, ఒక్కోసారి కాలేయం దాకా పోయి అక్కడ చీముగడ్డ కట్టిస్తుంది. కాని సిస్టులున్న మనుషుల్లో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదేం? 1925లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు బ్రంప్ట్ దీనికి జవాబు చెప్పాడు. ఇవి ఒకటి కాదు, రెండు జాతులు. హాని చెయ్యని రెండోదాని పేరు "డిస్పార్" అన్నాడు. ఆనాడు ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటారు? రెండింటి సిస్టులూ గుండ్రమే, రెండింటికీ నాలుగేసి కేంద్రకాలే. 1978లో లండన్‌లో ఎంజైముల తేడా బయటపడింది, తర్వాత డి.ఎన్.ఏ. తేడా దొరికింది. చివరికి 1993లో డైమండ్, క్లార్క్ అనే శాస్త్రజ్ఞులు రెండూ వేరు జాతులని స్థిరపరిచారు. ఆయన మాట నిలవడానికి 68 ఏళ్ళు పట్టింది!

నాన్నకు ఇలా చెప్పాను: "నారుమడిలో వరి మొలకా, ఊద మొలకా ఒక్కలాగే ఉంటాయి గదా నాన్నా. ఆకు మొదట్లో నాలుకలాంటి పొర ఉంటే వరి, లేకపోతే ఊద. ఈ అమీబా సిస్టులకు అలాంటి పైగుర్తు లేదు. గుర్తంతా లోపల, జన్యువులో ఉంది."

"పేరేదైతే ఏంరా, మందొకటే గదా!" అన్నాడాయన.

అక్కడే ఉంది అసలు చిక్కు. డిస్పార్ ఒక్కటే ఉంటే దానికి మందే అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లోనే చెప్పింది. అప్పుడు విరేచనాలకు కారణం వేరేచోట వెతకాలి. నిజంగా హిస్టోలిటికా అయితే పేగు గోడలో ఉన్నవాటిని చంపే మందుతో సరిపోదు, పేగులో మిగిలిన సిస్టుల్ని తుడిచే మందు కూడా వాడాలి. పేరు తెలియకపోతే ఒకరికి అనవసరంగా మాత్రలు, ఇంకొకరికి సగం వైద్యం.

ఇక పరీక్ష సంగతి. నీళ్ళను సన్నని వడపోత పొర గుండా పంపి, పొర మీద మిగిలిన దానిలోంచి డి.ఎన్.ఏ.ను వేరుచేస్తారు. ఆ జాతికే ప్రత్యేకమైన చిన్న ముక్కకు అతుక్కునే ప్రైమర్లు వేసి, వేడి చేసి చల్లార్చుతూ ఆ ముక్కను రెట్టింపు చేస్తూ పోతారు. ఒకటి రెండు, రెండు నాలుగు... 30 విడతలకు లెక్కప్రకారం 107 కోట్లు! ముక్క పెరిగితే ఆ జాతి ఉన్నట్టు. ఇదే పి.సి.ఆర్. 1983లో కారీ మల్లిస్‌కు తట్టిన ఊహ ఇది. 1993లో నోబెల్ బహుమతి తెచ్చింది. అంత వేడికీ చెడని ఎంజైము అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన బాక్టీరియాది. నీటిలోని శత్రువును పట్టే సాధనం కూడా నీటిలోంచే వచ్చిందన్నమాట!

తాగేనీటితో పాటు ఈతనీటి మాటా చెప్పాలి. నెగ్లీరియా ఫౌలెరి అనే ఇంకో అమీబా వెచ్చటి మంచినీటిలో పెరుగుతుంది. ఆ నీళ్ళు తాగితే ఏమీ కాదు; ముక్కులోకి పోతే మెదడుకు ఎక్కుతుంది. ఈ జబ్బు చాలా అరుదు, కాని సోకినవాళ్ళలో బతికేవాళ్ళు బహుకొద్ది. 1965లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఫౌలర్, కార్టర్ ఈ జబ్బును మొదట వివరించారు. అక్కడ నేలమీది గొట్టాల్లో వందల కిలోమీటర్లు వచ్చే నీరు ఎండకు కాగేది. మన పక్కన కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో ఈ అమీబా జబ్బులు పలువురి ప్రాణాలు తీశాయి. 2024లో కోజికోడ్‌లో 14 ఏళ్ళ కుర్రవాడు మాత్రం జబ్బును త్వరగా గుర్తించడంతో బతికి బయటపడ్డాడు. దీనికీ ఒక సాధువైన జంట ఉంది, లొవానియెన్సిస్. అదీ వేడిని తట్టుకుంటుంది, చూపుకు అలాగే ఉంటుంది. ఇక్కడా జన్యువే సాక్షి. ఎండాకాలం మోటబావుల్లో బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్న మాలాంటివాళ్ళకు ఇది దూరపు కబురు కాదు.

అలాగని పి.సి.ఆర్. సర్వజ్ఞం కాదు. చచ్చిన అమీబా డి.ఎన్.ఏ.ను కూడా అది "ఉంది" అంటుంది. లీటరు నీళ్ళలో లేదంటే చెరువంతటా లేదని కాదు. బురదనీటిలోని కొన్ని పదార్థాలు ఆ చర్యనే అడ్డుకుంటాయి. కాబట్టి పరీక్ష వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మామూలు క్లోరిన్ మోతాదుకు హిస్టోలిటికా సిస్టులు లొంగవుగాని, మరిగిస్తే చస్తాయి. నెగ్లీరియాకు సరైన మోతాదులో క్లోరిన్ చాలు. మరుగుదొడ్డి బావికి దూరంగా ఉండాలి, బావిలోకి దూకేటప్పుడు ముక్కు మూసుకోవాలి. వీటికి యంత్రం అక్కర్లేదు.

కాని యంత్రం లేదని కూడా అనలేం. 2020లో కరోనా వచ్చినప్పుడు మన జిల్లాల్లోకీ పి.సి.ఆర్. యంత్రాలు వచ్చాయి, పల్లెటూరి ముసలమ్మ నోట కూడా ఆ పేరు పలికింది. మనిషి ముక్కులో వైరస్‌ను వెతికిన ఆ పద్ధతే, తగిన ప్రైమర్లిస్తే, ఊరిబావిలో అమీబానూ వెతకగలదు. అందుకు వడపోత, నేర్చిన చేతులు, అడిగేవాళ్ళు కావాలి. మిత్రులారా, సైన్సు డిగ్రీ పట్టుకుని ఊళ్ళకు పోయేవాళ్ళం మనం. ల్యాబు కాగితం చూసినప్పుడు "అమీబా ఉందా?" అని కాకుండా "ఏ అమీబా?" అని అడుగుదాం. ఆ ఒక్క ప్రశ్న పదిమంది అడిగితే, జవాబు చెప్పే ల్యాబు జిల్లాకొకటి రాకపోదు.