నందివెలుగు ప్రమిద

పిల్లలూ, గుంటూరు నుంచి తెనాలి పోయే దారిలో నందివెలుగు అనే ఊరు ఉన్నది. పేరులోనే వెలుగు ఉన్న ఊరది. మన ప్రయాణం అక్కడే మొదలుపెడదాం. ముందుగా ఒక మట్టి ప్రమిదను చేతిలోకి తీసుకోండి. చిన్న మూకుడు, వత్తి నిలవటానికి అంచు ఒకచోట నొక్కి ఉంటుంది. అంతే గదా! సరిగా ఇటువంటి ప్రమిదే, రెండువేల ఏడువందల ఏళ్ళనాటిది, చూపిస్తాను రండి.

ఇదే గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊరున్నది. అక్కడ బెనె ఎఫ్రాయీం అనే చిన్న యూదు సమాజం ఉన్నది. వారి ఇంటిభాష మన తెలుగే. 1980ల నుంచి వారు యూదు ఆచారాలను బాహాటంగా పాటిస్తూ, హీబ్రూ భాష నేర్చుకొంటున్నారు. శుక్రవారం పొద్దుగూకినది మొదలు శనివారం పొద్దుగూకే వరకు వారికి విశ్రాంతి.

క్రీ.పూ. 722 ప్రాంతంలో అస్సీరియా రాజులు ఇశ్రాయేలు రాజ్యాన్ని జయించి, ఎందరినో దేశం వెలుపలికి తరలించారు. అలా చెదరిపోయిన ఎఫ్రాయీం గోత్రంవారి సంతతి తామేనని వీరి నమ్మకం. దీనికి తవ్వకాలలో రుజువు దొరకలేదు. నమ్మకం వేరు, పలుగూ పారా బయటపెట్టే సాక్ష్యం వేరు. రెంటినీ గౌరవించవచ్చును గాని, ఒకదానిని మరొకదానిగా చెప్పరాదు.

మరి ఆ ప్రాచీన ఇశ్రాయేలీయులు ఎలా బతికారు? వారి ఇళ్ళనే అడుగుదాం.

వెనుక అడ్డంగా ఒక పొడుగాటి గది. దాని ముందు పక్కపక్కన మూడు భాగాలు. నడుమ రాతి స్తంభాలు. శాస్త్రజ్ఞులు దీనికి నాలుగు గదుల ఇల్లు అని పేరు పెట్టారు. పైన దూలాలు పరచి మట్టి మెత్తేవారు. లోపల పెద్ద రాతిమీద ధాన్యం పోసి, చిన్నరాతిని రెండు చేతులా ముందుకూ వెనక్కూ తోసి పిండి చేసేవారు. మన సన్నికల్లు వంటిదే అన్నమాట! ఏళ్ళ తరబడి నూరగా నూరగా ఆ రాళ్ళు నడుమ పల్లం పడ్డాయి. రాజుల కథలలో పేరైనా లేని తల్లుల కష్టం ఆ పల్లంలో కనిపిస్తుంది. రొట్టెలు కాల్చే మట్టిపొయ్యిని వారు తన్నూరు అనేవారు. మనం వినే తందూరు అన్న మాట దానికి చుట్టమే. ఇక దీపం చూడండి: అంచు నొక్కిన మట్టి మూకుడు, ఆలివు నూనె, వత్తి. మీ చేతిలోని ప్రమిదకు తోబుట్టువు కాదూ?

1908లో గెజెరు అనే చోట అరచేతిలో పట్టే సున్నపురాతి పలక ఒకటి దొరికింది. అది దాదాపు మూడువేల ఏళ్ళనాటిది. విత్తటానికి రెండు నెలలు, ఆలస్యపు పైరుకు రెండు నెలలు, బార్లీ కోతకు ఒక నెల అంటూ, దానిమీద ఏడాది పొడుగునా సాగే పనులు చెక్కి ఉన్నాయి. బడిపిల్లవాడు అభ్యాసానికి చెక్కినదేమోనని కొందరు పండితులు అనుకొన్నారు. మన రైతులు కార్తెలు లెక్కపెట్టినట్టే గదా!

మరి పూజ? నెగెవు ఎడారిలోని అరాదు కోటలో, 1960లలో, యోహనన్ అహరోని అనే శాస్త్రజ్ఞుడు ఒక చిన్న గుడిని బయటపెట్టాడు. లోపలి గది వాకిట రెండు రాతి ధూపపీఠాలు ఉన్నాయి. వాటిలో పెద్దదాని మీది నల్లని మడ్డిని పరీక్షిస్తే, సాంబ్రాణి వంటి అరబ్బు దేశపు సుగంధపు బంక జాడ తెలిసింది. ఈ సంగతి 2020లో ప్రకటించారు. విచిత్రమేమిటంటే, ఆ పీఠాలను ఎవరూ పగలగొట్టలేదు. జాగ్రత్తగా పడుకోబెట్టి కప్పిపెట్టారు. యెరూషలేములోనే పూజ జరగాలని రాజు కట్టడి చేసినప్పుడు ఇలా చేసి ఉంటారని పలువురి ఊహ.

1979లో యెరూషలేము దగ్గర గాబ్రియేల్ బర్కాయి పాత సమాధులు తవ్విస్తున్నాడు. దొంగలు ఏనాడో దోచిన చోట్లవి. సాయానికి వచ్చిన పదమూడేళ్ళ కుర్రవాడు ఒకడు విసుగుపుట్టి, సుత్తితో నేలమీద కొట్టాడట. తీరా చూస్తే అది నేల కాదు, పైనుంచి కూలిన కప్పు! దాని కింద వందలకొద్దీ వస్తువులతోపాటు, చుట్టచుట్టిన రెండు చిన్న వెండిరేకులు దొరికాయి. అవి చిట్లకుండా విప్పటానికి ఏళ్ళు పట్టింది. అందులో దేవుని ముఖకాంతి మనిషిపై పడాలని కోరే ఆశీర్వాదం ఉన్నది. యూదుల ఇళ్ళలో శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి, పిల్లల తలపై చెయ్యి ఉంచి పెద్దలు దీవించేది ఈనాటికీ ఆ మాటలతోనే.

సుత్తి దెబ్బ మంచి చేయటం అరుదు సుమా! మన రేపల్లె వైపు భట్టిప్రోలులో, 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన బుద్ధుని ధాతువులున్న భరిణెలను కనుగొన్నాడు. కాని అప్పటికే ఆ స్తూపపు రాళ్ళు ఎన్నో వేరే కట్టడాలకు తరలిపోయాయి. వాటిమీద ఏమున్నదో మనకిక తెలిసే దారి లేదు.

కనుక మీ పొలంలో పాత పెంకు కనిపిస్తే విసిరివేయకండి, చుట్టూ తవ్వకండి. దొరికిన చోటు గుర్తుపెట్టుకొని మీ మాస్టారికి చెప్పండి. అది ఎవరింటి దీపమో!