44వ నంబరు చొక్కా

ఉద్యోగ విరమణ చేసినవారు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి రావడం, వచ్చాక ఈ పత్రికకు ప్రయాణానుభవాలు రాయడం ఒక ఆనవాయితీగా మారింది. నయాగరా జలపాతం మీద మన పేజీలలో ఇప్పటికే కావలసినంత నీరు ప్రవహించింది కనుక నేను దాని జోలికి పోను. నేను రాయబోయేది ఒక శ్మశానవాటికలో గడిపిన రెండు గంటల గురించి. శీర్షిక చూసి ఇది ఆటల వ్యాసమనుకున్నవారు నన్ను క్షమించాలి; ఆట ఉంది, కాని అది కొంతమేరకే.

మా అమ్మాయి, అల్లుడు న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ అనే చిన్న పట్టణంలో ఉంటారు. న్యూయార్క్ అనగానే ఆకాశహర్మ్యాలు తలపుకు వస్తాయి గాని, ఈ ఊరు ఆ మహానగరానికి చాలా దూరంగా, కొండల నడుమ, షెమంగ్ నది మొదలయ్యే చోట ఉంది. 2023 అక్టోబరులో నేను అక్కడికి వెళ్ళినప్పుడు చెట్ల ఆకులన్నీ ఎర్రబారి ఉన్నాయి. అరగంట ప్రయాణంలో ఎల్మైరా అనే మరో పట్టణం వస్తుంది. మార్క్ ట్వేన్ భార్యది ఆ ఊరే. ఆయన ఎన్నో వేసవులు అక్కడి కొండ మీది ఇంట్లో గడిపి, టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ కథలలో చాలా భాగం అక్కడే రాశాడు. నండూరి రామమోహనరావు గారి తెనుగు సేత ద్వారా ఆ కుర్రవాళ్ళిద్దరినీ చిన్ననాటనే ఎరిగినవాణ్ణి కనుక, ఆ మహారచయిత సమాధిని చూడాలని ఉబలాటపడ్డాను. ఒక శనివారం మా అమ్మాయి నన్ను వుడ్‌లాన్ శ్మశానవాటికకు తీసుకువెళ్ళింది.

ట్వేన్ సమాధి చూసి తిరిగి వస్తుండగా మరొక సమాధి దగ్గర ఇద్దరు వృద్ధులు నిలబడి ఉన్నారు. ఒకరు నల్లజాతివారు, ఒకరు తెల్లవారు. ఇద్దరి తలల మీదా నారింజ రంగు టోపీలు. సమాధి ముందు ఎవరో చిన్న బంతి ఒకటి పెట్టి వెళ్ళారు. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు అమెరికా బంతి. నేను ఆగి చూడటంతో నల్లజాతి పెద్దాయన నవ్వి, "ఎర్నీ కోసం వచ్చారా?" అని అడిగారు. కాదని చెప్పడానికి సిగ్గనిపించింది. ఎవరాయన అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం రెండు గంటలు సాగింది.

ఎర్నీ డేవిస్ 1939 డిసెంబరులో పెన్సిల్వేనియాలో జన్మించాడు. పుట్టకముందే తండ్రి పోయాడు. తాత, అమ్మమ్మల దగ్గర పెరిగాడు. చిన్నతనంలో నత్తి ఉండేది. నేనెక్కడి వాణ్ణని వారు అడిగితే, బొగ్గు గనుల ప్రాంతం నుండి వచ్చానని, ముప్పై ఏడేళ్ళు గనుల సర్వే విభాగంలో పనిచేశానని చెప్పాను. పెద్దాయన వెంటనే నా చేయి పట్టుకొని, "వాళ్ళ తాత కూడా బొగ్గు గని మనిషే!" అన్నారు. అప్పటినుండి నేను వారికి పరాయివాణ్ణి కాలేదు.

పన్నెండేళ్ళ వయసులో ఎర్నీ తల్లి దగ్గరకు, ఈ ఎల్మైరాకు వచ్చాడు. ఉన్నత పాఠశాలలో బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ఫుట్‌బాల్ మూడింటిలోనూ అతనిదే పైచేయి. ఆ ఇద్దరు మిత్రులూ అదే పాఠశాలలో అతని తరువాత చదివినవారు. అతను సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, దారిలో కనిపించిన పిల్లలతో ఆగి మాట్లాడేవాడట. "మాకు పేర్లుంటాయని గుర్తుపెట్టుకున్న మొదటి పెద్దమనిషి అతనే" అన్నారు తెల్లజాతి మిత్రుడు.

ఇక్కడ ఆ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. మైదానం పొడవు నూరు గజాలు. జట్టుకు పదకొండుగురు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి, ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకు జరగాలి. జరగలేకపోతే బంతి ఎదుటి వారిది. బంతిని చంకలో ఇరికించుకొని, ఎదురుగా వచ్చే ఏనుగుల వంటి మనుషుల మధ్య సందు వెతుక్కుంటూ పరుగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. మన కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు అందరినీ తప్పించుకొని గీత దాటడం వంటిదే అని నేనంటే, కబడ్డీ అంటే ఏమిటో వారికి చెప్పడానికి మరో పావుగంట పట్టింది. అక్కడ విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీలకు ఉన్న ఆదరణ మనకు ఊహకందదు. చదువుకునే పిల్లల ఆట చూడటానికి ఊళ్ళకు ఊళ్ళు కదిలి వెళతాయి.

సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో 44వ నంబరు చొక్కా అంతకు ముందు జిమ్ బ్రౌన్ అనే మహా ఆటగాడిది. ఎర్నీని ఆ విశ్వవిద్యాలయానికి రమ్మని ఒప్పించినవారిలో ఆయన కూడా ఒకరు. ఆ చొక్కా ఎర్నీకి దక్కింది. 1959లో, అతని మొదటి సీజనులోనే, సిరక్యూస్ ఆడిన పదకొండు మ్యాచ్‌లూ గెలిచి జాతీయ విజేత అయింది. ఆఖరిది 1960 జనవరి 1న డల్లాస్‌లో టెక్సస్ జట్టుతో జరిగింది. తొడ కండరం పట్టేసి, ఆడగలడో లేడో తెలియని స్థితిలో ఉన్న ఎర్నీ ఆట మొదలైన కొద్ది క్షణాలకే సహచరుడు విసిరిన బంతి అందుకొని గీత దాటాడు. ఆ ఒక్క ఎత్తులో వచ్చినవి 87 గజాలు. చివరకు 23-14 తేడాతో గెలుపు. ఉత్తమ ఆటగాడు ఎర్నీయే. ఆ రాత్రి విందులో మాత్రం, నల్లజాతి ఆటగాళ్ళు బహుమతి అందుకొని వెళ్ళిపోవాలని, తక్కిన విందు తెల్లవారికేనని చెప్పారు. ఈ మాట చెబుతున్నప్పుడు పెద్దాయన గొంతులో కోపం లేదు. ఆయన మిత్రుడు మాత్రం తల దించుకొని నేల వైపు చూస్తూ ఉండిపోయారు.

మూడు సీజన్లలో 2,386 గజాల పరుగు, 35 టచ్‌డౌన్లు. సగటున ప్రతి పరుగుకూ 6.6 గజాలు. జిమ్ బ్రౌన్ సిరక్యూస్‌లో నెలకొల్పిన రికార్డును అతను దాటేశాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న చర్చ ఆ మిత్రుల మధ్య అరవై ఏళ్ళుగా తెగలేదట. నా ముందు కూడా తెగలేదు. ఆ సంవత్సరమే, 2023 మే 18న, జిమ్ బ్రౌన్ మరణించాడు. సరిగ్గా అరవై ఏళ్ళ క్రితం అదే తేదీన ఎర్నీ పోయాడు. "చివరకు తేదీ కూడా పంచుకున్నారు" అన్నారు పెద్దాయన. 2008లో వచ్చిన 'ద ఎక్స్‌ప్రెస్' చలనచిత్రం గురించి అడిగితే ఇద్దరూ ఒక్క గొంతుతో విసుక్కున్నారు. సిరక్యూస్‌లో జరిగిన వెస్ట్ వర్జీనియా మ్యాచ్‌ను ఆ సినిమావారు వెస్ట్ వర్జీనియాలోనే జరిగినట్లు, అక్కడి జనం ఎర్నీ జట్టు మీద సీసాలు విసిరినట్లు చూపారట. సినిమాలు తీసేవారు ఎక్కడైనా ఒక్కటే అనిపించింది.

1961లో, దేశంలోని ఉత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఎర్నీకి లభించింది. దానిని అందుకున్న తొలి నల్లజాతి ఆటగాడు అతనే. న్యూయార్క్ వచ్చి ఉన్న అధ్యక్షుడు కెనెడీ అతణ్ణి పిలిపించుకొని కరచాలనం చేశాడు. వృత్తి ఆటగాళ్ళ ఎంపికలో దేశం మొత్తం మీద మొదటి పేరు అతనిదే. ఎంచుకున్న వాషింగ్టన్ జట్టు అప్పటివరకు ఒక్క నల్లజాతి ఆటగాణ్ణి కూడా చేర్చుకోని జట్టు. వారు బాబీ మిచెల్ అనే ఆటగాణ్ణి తీసుకొని, ఎర్నీని క్లీవ్‌లాండ్ జట్టుకు ఇచ్చేశారు. అక్కడ జిమ్ బ్రౌన్ ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఒకే మైదానంలో పరుగెత్తే రోజు కోసం ఎల్మైరా ఎదురుచూసింది.

1962 వేసవిలో చికాగో దగ్గర సాధన చేస్తుండగా ఎర్నీ మెడ వాచింది. పరీక్షలు చేశారు. ల్యుకేమియా.

ఇంతవరకు నేను ఆసక్తితో వింటున్న శ్రోతను మాత్రమే. పెద్దాయన తరువాత అన్న మాట నన్ను ఆ సమాధి పక్కన ఉన్న రాతి మీద కూర్చోబెట్టింది. "అతనికి చెప్పలేదు. రక్తంలో ఏదో లోపం అని మాత్రమే చెప్పారు."

మా తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. మన కాలనీ మైదానంలో ఎడమ వైపు ఆడేవాడు. రెండో షిఫ్టు దిగి వచ్చేవారు కూడా ఇంటికి వెళ్ళకుండా, చేతిలో టిఫిను డబ్బాతో గట్టు మీద నిలబడి అతని ఆట చూసేవారు. ఆనాటివారు కొందరు ఈ పత్రిక చదువుతూనే ఉంటారు. వారికి పేరు చెప్పనవసరం లేదు. 1983 వర్షాకాలంలో అతనికి జ్వరం తగ్గలేదు. నగరంలోని ఒక ఆసుపత్రిలో చూపించాము. రక్తపు క్యాన్సర్ అన్నారు. నాయిన, నేను వరండాలో నిలబడి, వాడికి చెప్పవద్దని నిర్ణయించుకున్నాము. "నాకేమైందన్నా?" అని వాడడిగిన ప్రతిసారీ, "రక్తం తక్కువైందిరా, మందులు వాడితే వస్తది" అన్నాను. ఆరు నెలలు అన్నాను. మంచం కింద బూట్లు పెట్టించుకున్నాడు. సంక్రాంతి పోటీల నాటికి లేస్తానని, తన స్థానంలో ఎవరినీ ఆడించవద్దని జట్టువారికి కబురు చేశాడు. ఆ కబురు తీసుకువెళ్ళింది నేనే. సంక్రాంతికి వారం ముందు పోయాడు. వాడికి పందొమ్మిదేళ్ళు.

నేను రాతి మీద కూర్చొని, "చివరి వరకూ చెప్పలేదా?" అని అడిగాను.

చెప్పారు. ఆ ఆగస్టులో క్లీవ్‌లాండ్ మైదానంలో దీపాలు ఆర్పి, ఒక్క వెలుగు మాత్రం వేసి, ఎర్నీని ఆ వెలుగులో లోపలికి రప్పించారు. జనమంతా లేచి నిలబడ్డారు. ఆ జట్టు చొక్కాతో అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జబ్బు కొంత వెనకడుగు వేసిన అక్టోబరులో వైద్యులు నిజం చెప్పారు. ఆ తరువాత ఏడు నెలలు బతికాడు. 1963 మార్చిలో 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికలో తన జబ్బు గురించి తన పేరుతోనే వ్యాసం వెలువరించాడు. దాని శీర్షిక "నేను దురదృష్టవంతుణ్ణి కాను". మే నెలలో ఆసుపత్రిలో చేరి, కన్నుమూశాడు. ఇరవై మూడేళ్ళు. ఎల్మైరాలో భౌతికకాయాన్ని ఉంచిన చోటికి పదివేల మందికి పైగా వచ్చారు. ఆ వరుసలో ఈ మిత్రులిద్దరూ బడిపిల్లలుగా నిలబడ్డారు. వరుస ఎంతసేపటికీ కదలలేదని, ఒక్కరు కూడా ఇంటికి మరలిపోలేదని తెల్లజాతి మిత్రుడు చెప్పారు. ఎర్నీ తన వెనుక సిరక్యూస్‌కు రమ్మని అడిగిన ఫ్లాయిడ్ లిటిల్ అనే కుర్రవాడు, అతను పోయాక ఆ మాట నిలబెట్టుకొని, అదే 44 తొడుక్కున్నాడు. 2005లో విశ్వవిద్యాలయం ఆ నంబరును ఇక ఎవరికీ ఇవ్వకుండా విరమింపజేసింది.

"నిజం తెలిశాక ఎలా ఉండేవాడు?" అని అడిగాను. తెలిసిన తరువాత కూడా జట్టుతో తిరిగేవాడని, మైదానం పక్కన కూర్చొని ఆట చూసేవాడని పెద్దాయన చెప్పారు. జబ్బు బయటపడక ముందే, 1962 ఫిబ్రవరిలో, ఎల్మైరా అతని పేరిట ఒక సన్మాన దినం జరిపిందట. ఆ విషయాలు చెబుతూ ఆయన నా ముఖం చూసి, ఇక ఏమీ అడగకుండా తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

నేను ఆయనకు నా సంగతి చెప్పలేదు. నా ఇంగ్లీషు అంత దూరం రాదు.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి చాలాసేపు మౌనంగా బండి నడిపింది. బాబాయి ఆమెకు గోడ మీది ఫోటోగా మాత్రమే తెలుసు. బంతి ఒక చేతిలో, నవ్వు ముఖం మీద. నదీ వంతెన దాటాక, "నాన్నా, బాబాయికి తెలుసా?" అని అడిగింది.

తెలుసనే అనుకుంటున్నాను. చివరి వారంలో వాడు ప్రశ్న అడగడం మానేశాడు. ఒక రాత్రి నన్ను పిలిచి, మంచం కింది బూట్లు తీయించి, పక్కింటి కుర్రవాడి పాదం ఎంత ఉంటుందని అడిగాడు. వాడికి సరిపోతాయన్నాను. "అయితే ఇచ్చెయ్యి, నాకు పొట్టిగైనయి" అన్నాడు.

కార్నింగ్ చేరేవరకు ఆ సంగతంతా మా అమ్మాయికి చెప్పాను. నలభై ఏళ్ళలో ఆ మాటలు పైకి అనడం అదే మొదటిసారి. ఇంటి ముందు బండి ఆగిన తరువాత కూడా ఇద్దరం కొంతసేపు దిగలేదు.