మేము కాలిడని మూరు మార్కెట్టు

దేవాలయమునకు ధర్మకర్తలు గలరు. కోటకు ప్రభుత్వమువారి కావలి గలదు. అంగడి మాత్రము అందఱిదియు నగుటచే దానికి కావలివారు లేరు. ఈ సంగతి మాకు బోధపడుటకు ఒక పాత బీజగణిత గ్రంథము కారణమయ్యెను.

మా తండ్రిగారు నెల్లూరు మండలమునుండి చదువునకై చెన్నపురి కేగిరి. 1953వ సంవత్సరమున ఆంధ్ర రాష్ట్రము వేఱుపడువఱకు సర్కారు, రాయలసీమ జిల్లాలవారికి చెన్నపురియే రాజధాని గదా. పూటకూటింటి భోజనమునకును, రుసుములకును పోగా వారిచేత మిగులు కాసులు బహుస్వల్పము. క్రొత్త పుస్తకము కొనజాలక వారు మూరు మార్కెట్టునకు బోయి, బేరమాడి, పండ్రెండణాలకు ఆ గ్రంథమును దెచ్చుకొనిరి. మొదటి పుటలో మువ్వురి పేర్లు కొట్టివేయబడి యున్నవి. నాలుగవది మా తండ్రిగారిది. తక్కిన మువ్వురును చదువు ముగిసినపిదప దాని నమ్మివేసిరి కాబోలు. మా తండ్రిగారు మాత్ర మమ్మక, దానితోనే మాకును లెక్కలు నేర్పిరి.

ఆ మార్కెట్టు పుట్టుక యెట్టిదనగా: చెన్నపురి బ్రాడ్వే వీథిలోని పాత సంత ఇఱుకై, పరిశుభ్రత లేక యుండుటచే, నగరపాలక సంఘమువారు క్రొత్తదానిని గట్ట సంకల్పించిరి. 1898వ సంవత్సరమున పునాదిరాయి పడెను. 1900వ సంవత్సరమున ద్వారములు తెఱువబడెను. సంఘాధ్యక్షులగు సర్ జార్జి మూరుగారి పేరే దానికి నిలిచెను. సెంట్రలు రైలు స్టేషను ప్రక్కనే, ఎఱ్ఱని యిటుకలతో, ఇండో-సారసెనికు రీతిని, నడుమ విశాలమైన ముంగిలితో నా కట్టడము శోభిల్లెను. 1913వ సంవత్సరమున రిప్పను భవనము తెల్లగా వెలసినపిదప, ఎఱుపును తెలుపును ఇరుగుపొరుగు లయ్యెను. కాలక్రమమున ఆ యంగడులు పాత పుస్తకములకును, గ్రామఫోను పలకలకును, చిలుకలకును, వింత వస్తువులకును పేరెన్నికగన్నవి. రైలు దిగిన పల్లెటూరి విద్యార్థి మొదలు పండితులవఱకు అచ్చట నొకే బల్లయొద్ద నిలిచి పుటలు త్రిప్పెడివారు.

1984వ సంవత్సరమున మేమొక పరీక్షకై చెన్నపురికి బోవుచుండగా, మా తండ్రిగారు పిలిచి, “ఆ గ్రంథమునకు రెండవ భాగము గలదు. మూరు మార్కెట్టులో దొరకునేమో చూచి రమ్ము” అనిరి. పరీక్ష ముగిసెను. రైలు వేళ దగ్గఱపడెను. ఎఱ్ఱని గోడలు మాకు స్పష్టముగా గనబడుచునే యుండెను. నడచిన అయిదు నిమిషముల దూరము. “ఇంత పెద్ద కట్టడ మెచ్చటికి బోవును? మఱుసటి యేడు చూతము” అనుకొని రైలెక్కితిమి. దొరకలేదని మా తండ్రిగారితో జెప్పితిమి. వెదకలేదని చెప్పలేదు.

1985వ సంవత్సరము మే నెల 30వ తేదీన మూరు మార్కెట్టు అగ్నికి ఆహుతి యయ్యెను. వార్తాపత్రికలో నది చదివి మా తండ్రిగారు మాటలాడలేదు. పత్రికను మడచి, బీజగణిత గ్రంథములో నుంచి, దానిని బీరువాలో బెట్టిరి. అప్పుడైనను మేము నిజము చెప్పియుండవలసినది. చెప్పలేకపోతిమి.

మిగిలిన గోడలును పిమ్మట పడగొట్టబడినవి. ప్రాచీన కట్టడముల రక్షణకై 1958వ సంవత్సరమున వచ్చిన కేంద్ర శాసనము నూఱేండ్లకు తక్కువ కాని వానినే లెక్కించును. మూరు మార్కెట్టునకు అప్పటికి 85 ఏండ్లు; ఆ లెక్కకు పదునైదు తక్కువ. వారసత్వ కట్టడములకై తమిళనాడులో ప్రత్యేక శాసనము 2012వ సంవత్సరమున గాని రాలేదు. శాసనము ఏండ్లను లెక్కించును. ఒక యంగడి యెందఱు పేదల చదువు నిలిపినదో లెక్కించు సూత్రము మా బీజగణితమునను లేదు.

మా తండ్రిగారు గతించినపిదప మేమా చోటు చూడబోయితిమి. అచ్చట ఉపనగర రైళ్ల నిలయము నిలిచియున్నది. అదియు ప్రజలకు ఉపయోగకరమే, దానిని నిందింపము. పుస్తకముల వర్తకులు సమీపముననే వేఱొక కట్టడమునకు మారిరి. ఆ నిలయమునకు మూరు మార్కెట్టు సముదాయమను పేరు మిగిలెను. ఎదుట పాత కట్టడపు చిన్న నమూనా యొకటి నిలుపబడినది. ప్రయాణికులు దానిని గమనింపకయే సాగిపోవుచుండిరి. మేమచ్చట చాలసేపు నిలిచితిమి. నాడు అయిదు నిమిషములు లేవనుకొన్నవారమే గదా!

ప్రియ విద్యార్థులారా! మీ యూర నిత్యము మీరు దాటిపోవు పాత యంగడి యేదైన నున్నయెడల, నేడే లోనికి బోయి చూడుడు; దానిని గూర్చి పెద్దల నడిగి వ్రాసికొనుడు. అది యెల్లప్పుడు నుండునని మావలె నమ్మకుడు.

ఆ బీజగణిత గ్రంథమును ఈ పాఠశాల గ్రంథాలయమున కిచ్చుచున్నాము. మడచిన పత్రికయు అందే యున్నది. మొదటి పుటలో మా పేరు అయిదవది. దానిని కొట్టివేసి తన పేరు వ్రాసికొనుటకు ఏ విద్యార్థియు సంకోచింప బనిలేదు.