గచ్చిబౌలి రింగులో ఏడడుగుల నిరాశ

సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా రైలు మారే పని లేదు. 2023 సెప్టెంబర్ 8, శుక్రవారం సాయంత్రం. బోగీలో మెడలో ఐడీ కార్డుల వాళ్ల మధ్య జాన్ సీనా టీషర్టులు మెరుస్తున్నాయి. మా పదేళ్లవాడిది మాత్రం వేరే లెక్క. "షాంకీ మనోడు కదా డాడీ, బెల్టు కొడ్తడు చూడు!"

గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ సూపర్‌స్టార్ స్పెక్టకిల్. టీవీలో చూసి, ట్రంప్ కార్డులు ఆడి పెరిగిన నాలాంటి వాళ్లకి అది జాతరే. షాంకీ హర్యానా మనిషి, ఏడడుగుల ఎత్తు. ఎదురుగా ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ గుంథర్. 1980ల్లో హాంకీ టాంక్ మ్యాన్ పెట్టిన 454 రోజుల రికార్డును గుంథర్ దాటింది సరిగ్గా ఆ రోజే.

ఆ లెక్క తెలిసిన నాకు ఫలితం ముందే తెలుసు. అయినా కుస్తీలో ఫలితం కాదు, ఆశ ముఖ్యం. రిఫరీ చెయ్యి రెండుసార్లు నేలకి తాకి, మూడోసారి ఆగినప్పుడు గుండె గొంతులోకి రావాలి. ఇక్కడ అదే కరువైంది. గుంథర్ అరచేత్తో ఛాతీ మీద కొట్టే దెబ్బలకి హాలు "అబ్బా" అంది గానీ, మనవాడు గెలుస్తాడేమో అని ఒక్కసారీ లేచి నిలబడలేదు. ఎత్తును చూపించారు, ఆ ఎత్తుతో ఆట కట్టలేదు.

"ఏంది డాడీ, గింతేనా?" అన్నాడు మావాడు. నా దగ్గర జవాబు లేదు.

చివర్లో సీనా, సెత్ రోలిన్స్ జోడీ వచ్చి, ఇంపీరియం జట్టును ఓడించేసరికి పైకప్పు ఎగిరిపోయింది. వాడూ గంతులేశాడు. కానీ ఇంటికెళ్లే దారిలో అడిగింది షాంకీ గురించే. "మళ్లొస్తడు గదా?"

"వస్తడు బిడ్డా" అన్నాను.

రెండు వారాలు తిరక్కముందే, సెప్టెంబర్ 21న, కంపెనీ వదిలేసిన వాళ్ల జాబితాలో షాంకీ పేరుంది. ఆ మాట వాడికి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. విని కాసేపు ఊరుకున్నాడు. "అయితే మనం చూసిందే లాస్టా? మంచిగైంది పోయినం."

బోరు కొట్టిన మ్యాచ్ అనుకున్నాను. వాడికి మాత్రం అది వీడ్కోలు.