ఉప్పు లేదు

మార్చి 28, 2025. కడప.
రంజాన్ ఆఖరి శుక్రవారం. బట్టల అంగడి భాయ్ క్యాలిక్యులేటర్ ముందేసుకుని కూచున్నాడు. జకాత్ లెక్క. బంగారం, సరుకు, రావాల్సిన బాకీలు. రెండున్నర శాతం.
"దానం జేస్తాండావా భాయ్?"
"దానం యాడిది సార్. వాళ్లది నా కాడ ఉండిపాయ. ఇచ్చేస్తాండా." తల ఎత్తలేదు.
బయట ఒక ముసలామె అరుస్తోంది, ఇంకా ఎంతసేపని.

ఏప్రిల్ 6. కర్నూలు.
శ్రీరామనవమి. పానకం, వడపప్పు. పందిరి పక్కనే చలివేంద్రం. కుండలు మూడు, ఫ్లెక్సీ మీద ముఖాలు పదకొండు. రెండు కుండలు ఖాళీ. ముఖాలన్నీ నవ్వుతున్నాయి.
ఫ్లెక్సీ గట్టిదే. వానలకు ఎవరి గుడిసె మీదికో పోతుంది.

ఏప్రిల్ 17. కర్నూలు.
అన్న క్యాంటీన్. 5 రూపాయల టోకెను. నా ముందు హమాలీ. "సాంబార్లో ఉప్పు లేదు." వడ్డించేవాడు పట్టించుకోలేదు. పళ్లెం ముందుకు తోసి మళ్లీ అన్నాడు. ఉప్పు వచ్చింది.
మంత్రాలయం మఠం అన్నదానంలో ఎన్నోసార్లు భోంచేశా. ఉప్పు గురించి ఎవరూ నోరెత్తగా వినలేదు. అక్కడ సరిపోతుందేమో.
ఈ క్యాంటీన్లు 2018లో తెరిచారు. 2019లో మూశారు. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మధ్యలో హమాలీ ఆకలికి సెలవు.

ఏప్రిల్ 26. ఉయ్యాలవాడ.
ఒకే ఊరు, ఇద్దరు రెడ్లు.
బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో గాదెలు తెరిచి వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది.
అంతకు ఇరవై ఏళ్ల ముందు నరసింహారెడ్డి. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ. తాతల పాలెం కుంపిణీ తీసుకున్నందుకు ఇచ్చే భరణం. మనిషిని కోయిలకుంట్ల ఖజానాకు పంపితే తిట్టి పంపారు. 1846లో ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఉరి. తల 1877 దాకా కోయిలకుంట్ల కోటకు వేలాడిందంటారు.
అంటే పతకం వచ్చేనాటికి తల ఇంకా అక్కడే ఉంది. రెండూ ఒకే రాణి పద్దు కిందికే వస్తాయి, కాలం కొంచెం అటూ ఇటూ.
ఇద్దరి మీదా పాటలున్నాయి. టీ అంగడి పిల్లోడికి ఒకరే తెలుసు. సినిమా వచ్చినాయన.

మే 4.
పెద్దమ్మను 1952 కరువు నాటి గంజి కేంద్రం గురించి అడిగా. అప్పుడామెకు ఏడేళ్లు.
"సత్తుగిన్నె పట్టుకోని నిలబడ్తాంటిమి. పల్చగుండె. గింజ కనపడితే అన్నదమ్ములు కొట్లాడుకుండ్రి."
గంజి పోసినవాళ్లు గుర్తున్నారా?
"వాళ్లెందుకు? గిన్నె గుర్తుంది. మీ చిన్నాయన అమ్మేసినాడు."

మే 9.
1877. రిచర్డ్ టెంపుల్ దొర మద్రాసు వచ్చి కరువు పనిలో మగమనిషి రోజు కూలిని ఒక పౌను గింజలకు, ఒక అణాకు తగ్గించాడు. చాలదని డాక్టర్ కార్నిష్ కాగితాల మీద కొట్లాడాడు. కాగితాలు బాగా దాచారు.

మే 31.
సిద్ధేశ్వరం అలుగు రోజు. 2016లో ఇదే తేదీన పోలీసులు వద్దన్నా రైతులు కృష్ణ ఒడ్డుకు పోయి, సర్కారు వేయని పునాదిరాయి తామే వేసుకున్నారు. చందాలు వాళ్లవే. అలుగు ఇంకా లేదు. రాయి ఉంది.
శ్రీబాగ్ ఒప్పందం 1937 నవంబర్ 16. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు మొదటి వంతు. సంతకాలు మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో. అమృతాంజనం ఆయనదే. కాబట్టి తలనొప్పికి మందు మొదటినుంచీ దగ్గరే ఉంది.
మా వీధికి ట్యాంకరు వచ్చింది. ఎమ్మెల్యే సౌజన్యం. బిందెకు ఇంత అని లేదు, దండం మాత్రం పెట్టాలి.

జూన్ 2.
కరువు పని కాడ, చెట్టు కింద. రోజుకు 307 రూపాయలు, కొలతను బట్టి. డబ్బు పదిహేను రోజుల్లో పడాలి. పడకపోతే ఆపైన రోజుకు 0.05 శాతం పరిహారం. ఉపాధి హామీ చట్టంలోనే ఉంది. చదివి వినిపించా.
ఒకామె వేళ్ల మీద లెక్కేసింది. "307కి పదహైదు పైసలు. దినానికి."
"అవును."
"అర్జీ యాడ పెట్టుకోవాల?"
మండల ఆఫీసులో అన్నా.
"ఆటోకు ముప్పై. పోనీకి."
పక్కామె నవ్వింది. ఈమె నవ్వలేదు. జాబ్ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "పేరు సరిగ్గా రాయి. నువ్వే రాయి."