వదిలేసిన చేప

తెనాలిలో ఆదివారం పొద్దున చేపలమ్మే చోట ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. ‘ఇది చెరువుదా, సముద్రానిదా?’ సముద్రానిదే అని అమ్మే మనిషి ఒట్టు పెట్టుకుంటే బేరం సగం తెగినట్టే. ఆ తర్వాత కిలో ఎంత, ముక్కలు ఎంత మందాన కొట్టాలి, తలకాయ పులుసుకి ఇస్తారా లేదా అనే మాటలే. ఆ చేప ఎంత దూరం నుంచి వచ్చింది, దాన్ని పట్టినవాడు ఎన్ని రాత్రులు నీళ్ల మీద ఉన్నాడు అన్నది ఎవరూ అడగరు. అడగాల్సిన పని కూడా ఎవరికీ కనిపించదు.

వచ్చేది మరీ దూరం నుంచేం కాదు. తెనాలిలో రైలెక్కితే చిన్న లైను రేపల్లెలో ఆగిపోతుంది. అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్తే నిజాంపట్నం రేవు. పెద్ద లైను మీద వెళ్తే బాపట్ల. అక్కడికి తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక తీరం. సూర్యలంక అంటే సెలవురోజు స్నానాలు గుర్తొస్తాయి. నిజాంపట్నం పేరు మాత్రం చాలా ఇళ్లలో తుపాను రోజుల్లోనే వినబడుతుంది. ‘నిజాంపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని వార్తల్లో చదవగానే, పిల్లలకు రేపు బడి ఉంటుందో లేదో అని ఆలోచిస్తాం. ఆ రేవులో ఆడవాళ్లు మాత్రం బయటికెళ్లిన బోట్లను లెక్కపెట్టుకుంటారు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఈ తీరంలో ఎన్ని ఇళ్లను ఊడ్చేసిందో చెప్పే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

నిజాంపట్నం ముందున్న సముద్రం లోతు తక్కువ. కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు అంతా అక్కడే పరుచుకుంది. కవళ్లు, నెత్తళ్లు, రొయ్యల్లాంటివి ఒడ్డుకి దగ్గర్లోనే దొరుకుతాయి. పెద్ద చేప కావాలంటే నీళ్లు రంగు మారేదాకా, బురద ఛాయ పోయి నీలం వచ్చేదాకా పోవాలి. అక్కడుంటాయి వంజరం, తూర, పార, సొర. బాలింతలకు పాలు పడతాయని వెతికి తెచ్చి పెట్టేది పాల సొరనే. వీటన్నిటినీ మించిన రాజు ఇంకొకటుంది. మూతి ముందు బల్లెంలాంటి కొమ్ము, వీపు మీద తెరచాపలా విచ్చుకునే రెక్క. కొమ్ము కోనెం అంటారు. ఒకప్పటి పుస్తకాలు ఇది గంటకు వంద కిలోమీటర్ల పైన ఈదుతుందని రాశాయి. తర్వాతి కొలతలు అంత వేగం లేదని తేల్చాయి గానీ, దాని దెబ్బ మాత్రం అబద్ధం కాదు. కవళ్ల గుంపులోకి చొరబడి కొమ్ముతో అటూ ఇటూ కొట్టి, దెబ్బతిన్న వాటిని ఏరుకు తింటుంది. చల్లటి లోతుల్లోనూ చూపు మందగించకుండా కళ్లనూ మెదడునూ వెచ్చగా ఉంచుకునే ఏర్పాటు దాని ఒంట్లోనే ఉంది.

ఈ చేపకు ప్రపంచంలో ఇంకోచోట ఇంకో రకం మర్యాద ఉంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రానికి ఇది అధికారిక సముద్రపు చేప. 1975లో ఆ గౌరవం ఇచ్చారు. అక్కడి వెచ్చటి నీళ్లలో దీన్ని పట్టడం ఒక ఆట. బోటు అద్దెకు తీసుకుంటారు. దాన్ని నడిపేవాడికి చేపలుండే చోటు తెలుసు. వెనక భాగంలో, నేలకు బిగించిన కుర్చీలో కూర్చుని, నడుముకి పట్టీ కట్టుకుని, చక్రం ఉన్న గాలపు కర్ర పట్టుకుంటారు. చేప పడితే గంటలకొద్దీ లాగుడు. అది గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంటే ఒడ్డున చెప్పుకోవడానికి ఏడాదికి సరిపడా కబుర్లు.

ఆ ఆటలో పెద్ద పేరు ఆల్ఫ్రెడ్ గ్లాసెల్‌ది. 1953 ఆగస్టు 4న పెరూ దేశపు తీరంలో ఆయన పట్టిన నల్ల మార్లిన్, మన కొమ్ము కోనెం జాతి బంధువే, 1,560 పౌండ్లు తూగింది. అంటే 700 కిలోల పైమాటే. ఆ రోజుల్లో పట్టిన చేపను తాడుకు వేలాడదీసి, పక్కన నిలబడి ఫొటో దిగడమే గొప్ప. తర్వాత ఆ గొప్ప మెల్లగా మారింది. పట్టిన చేపకు చిన్న గుర్తు తగిలించి వదిలేయడం 1954 నుంచి అక్కడి శాస్త్రవేత్తలు అలవాటు చేశారు. గుర్తున్న చేప మళ్లీ ఎక్కడ దొరికితే అక్కడి నుంచి కబురు వస్తుంది. అది ఎంత దూరం తిరిగిందో అలా తెలుస్తుంది. అట్లాంటిక్‌లో పట్టిన కొమ్ము చేపలను అమ్మడమే 1988లో ఆ దేశం మానిపించింది. ఇప్పుడు చేపను వదిలినవాడే మొనగాడు.

ఈ సంగతి విన్నవాళ్లు కొందరు మన రేవుల వైపు చూసి పెదవి విరుస్తారు. ‘మనవాళ్లూ ఉన్నారు, పిల్లచేపను కూడా వదలరు’ అంటారు. అందులో కొంత నిజముంది. సన్న కన్నుల వలలో పడేది పెరగాల్సిన చేపే. కానీ పూర్తి నిజం అది కాదు.

మన బోటులో కుర్చీ ఉండదు. పొడవాటి తాడుకు వరుసగా గాలాలు, గాలాలకు ఎర, లాగడానికి చేతులు. పడ్డది కొమ్ము చేపైతే ఆ కొమ్ము ఎవరి వైపు తిరుగుతుందో తెలియదు. 2022 ఫిబ్రవరిలో విశాఖ జిల్లా పరవాడ వైపు వేటకెళ్లిన ఒక మత్స్యకారుడు కొమ్ము కోనెం పొడిచి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంత చేసి తెచ్చిన చేప రేవులో పాటకు పెడితే, వచ్చిన డబ్బులోంచి డీజిలు, ఐసు, బియ్యం ఖర్చు పోవాలి. బోటు యజమాని వంతు పోవాలి. మిగిలింది పనివాళ్లు పంచుకోవాలి. అలాంటి మనిషిని చేపను ముద్దుపెట్టుకుని నీళ్లలో వదలమనడం, కోత కోసిన రైతును ధాన్యం పొలంలోనే చల్లి రమ్మన్నట్టే.

అయినా ఆ మనిషీ వదులుతున్నాడు. ఒక్క చేపను కాదు, రెండు నెలల సముద్రాన్ని.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్లకు, ఇంజన్లు బిగించిన పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలమని ఈ విరామం. ఇంతకుముందు 47 రోజులు ఉండేది. 2015 నుంచి 61 రోజులు చేశారు. ఇంజను లేని పడవ, చేత్తో వేసే తెడ్డు ఉన్నవాళ్లకు మినహాయింపు. మిగతా బోట్లన్నీ రేవులో వరుసగా లంగరు వేసుకుంటాయి. వలలు బాగు చేసుకుంటారు, చెక్కలకు రంగులు వేసుకుంటారు. ఆ పనితో పొద్దు గడుస్తుంది గానీ ఇల్లు గడవదు.

సరిగ్గా పిల్లల బడి ఫీజులు, పుస్తకాలు మీద పడే రోజులవి. పెళ్లిళ్లూ అప్పుడే. చేతిలో వేట ఉండదు. ప్రభుత్వం ఆ కాలానికి భృతి ఇస్తోంది. 2019లో దాన్ని కుటుంబానికి పదివేలు చేశారు. 2025 ఏప్రిల్‌లో ఇరవైవేలకు పెంచారు. రోజుకు లెక్కేస్తే ఇంటిల్లిపాదికీ సుమారు 330 రూపాయలు. అది సాయమే, కాదనలేం. చాలని రోజున షావుకారు దగ్గర బదులు తప్పదు. ఆ బాకీ జూన్ 15 తర్వాత పడే మొదటి చేపలతోనే తీరడం మొదలవుతుంది.

ఫ్లోరిడా బోటులో చేపను వదిలినాయన రాత్రికి హోటల్లో భోంచేస్తాడు. వదిలినందుకు ఆయనకు పోయేదేమీ లేదు. నిజాంపట్నంలో వదిలినవాళ్ల వంటింట్లో ఆ లోటు కనబడుతుంది. ఇద్దరూ చేసిన పని ఒకటే. చేపకు బతకడానికి ఇంకో అవకాశం ఇచ్చారు. ఒకరిదేమో ఆదర్శమని మెచ్చుకుంటాం. ఇంకొకరిది ‘వేట నిషేధం వల్ల చేపల ధరలు పెరిగాయి’ అనే వార్తగా చదివి పక్కన పెడతాం.

ఆ రెండు నెలల త్యాగం నిలబడాలంటే మిగతా పది నెలలు కూడా బాగుండాలి. సన్న కన్నుల వలలు తగ్గాలి. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా చిన్న పడవల వాళ్లకు వదలాలన్న 1994 నాటి చట్టం కాగితం మీద మిగిలిపోకూడదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాలతో చూసి, చేపలు ఎక్కడ మేతకు చేరతాయో చెబుతోంది. చేపను వెతికే చదువు అంత పెరిగినప్పుడు, దాన్ని మిగుల్చుకునే చదువు కూడా దానితో సమానంగా పెరగాలి కదా.

కొనేవాళ్ల పని కూడా కొంత ఉంది. జానెడు వంజరం పిల్లను ‘లేతగా ఉంటుంది’ అని ఎంచుకునేది మన చేతులే. జన ఉన్న చేపే కావాలని అడిగి మరీ తీసుకునేదీ మనమే. అలా అడిగేవాళ్లు తగ్గితే, అలాంటి చేపకు పాటలో ధర తగ్గుతుంది. ధర లేని చేప కోసం ఎవరూ డీజిలు తగలేసుకోరు.

ఈసారి మే నెలలో ఒక ఆదివారం తెనాలిలో ‘సముద్రం చేప రాలేదండీ, బొచ్చె ఉంది, శీలావతి ఉంది’ అంటే విసుక్కోకుండా బొచ్చె తెచ్చుకుందాం. కాస్త మామిడికాయ వేసి పులుసు పెడితే అదీ బాగానే ఉంటుంది. భోజనాల దగ్గర పిల్లలు ‘వంజరం ఏది?’ అని అడిగితే, అది ఇప్పుడు గుడ్లు పెట్టే కాలమని, దాన్ని వదిలి ఇంట్లో కూర్చున్నవాళ్లు కొందరున్నారని చెప్పొచ్చు.