దారిలో ఆగిన ముక్క

మా నరసరావుపేటలో మెడమీద బుడిపె లేస్తే "వేడి చేసింది, సున్నం రాయండి" అంటారు. మా చిన్నాడపడుచు బుడిపె నాలుక చాపితే పైకి జరిగేది. సున్నానికి లొంగే రకమా అది!

థైరాయిడ్ గ్రంథి తల్లికడుపులో నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుందట. దారిలో మిగిలిన ముక్క ఇలా తిత్తి అవుతుంది. నూటికి ఏ ఒక్కరికో అందులో క్యాన్సర్ పుడుతుంది. సూది పరీక్షలో మా పిల్లకి అదే తేలింది.

"కోత పెళ్ళికి అడ్డం, ముహూర్తం దాటనీండి" అన్నారు అత్తగారు.

"మచ్చకి కొంగు అడ్డం వేసుకోవచ్చు. ప్రాణానికేం అడ్డం వేస్తామండీ?" అన్నాను.

అసలు గ్రంథి చోటునే ఉందని స్కానులో చూసుకుని, 1920లో సిస్ట్రంక్ చెప్పిన పద్ధతిలో తిత్తినీ, గొంతుపై చిన్న ఎముక మధ్యముక్కనీ తీసేశారు డాక్టరుగారు.

ఇప్పుడు మచ్చ గురించి ఎవరడిగినా పిల్ల దాచదు. "మీ మెడా ఓసారి తడిమి చూసుకోండి" అంటుంది.